గేటు పక్క గది
(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

షాదీఖానాకు ఏసీలంటే చందా పుస్తకం అరగంటలో నిండింది. సంతోషం. గేటు పక్కన చౌకీదారు గది మిద్దె కారుతోందంటే మాత్రం "దానికి అంత ఖర్చెందుకు చాచా?" అన్నారు.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఆసుపత్రికైనా, కాలేజీకైనా, శ్మశానానికైనా గేటు పక్కన కాపలావాడి కుటుంబానికి చిన్న ఇల్లు కట్టేవారు. దాన్ని గేట్ లాడ్జ్ అంటారు. లోపలి పెద్ద భవనం ఏ తీరుగా ఉంటే చాలాచోట్ల ఇదీ ఆ తీరుగానే ఉండేది. వచ్చినవాళ్లు మొదట చూసేది దాన్నే కదా! మన ద్యోడీల్లోనూ గేటుకు అదే మర్యాద.

ఆ కాలానిదే లండన్ దగ్గర వోకింగ్‌లోని షాజహాన్ మస్జిద్. లాహోర్ ప్రభుత్వ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన లైట్నర్ దొర 1889లో భోపాల్ బేగం సాహిబా సొమ్ముతో కట్టించాడు. బ్రిటన్‌లో మస్జిద్‌గానే కట్టిన మొదటి భవనం అది. దాని పక్కనే ఒక ఇల్లుంది. పేరు వింటే మీరు నమ్మరు: సర్ సాలార్‌జంగ్ మెమోరియల్ హౌస్. ముప్ఫయ్యేళ్లు హైదరాబాద్ దివాన్‌గా ఉండి 1883లో కన్నుమూసిన మన సాలార్‌జంగే! అది అచ్చంగా గేట్ లాడ్జ్ కాదు గానీ, చేసింది ఆ పనే.

1899లో లైట్నర్ పోయాడు. నడిపేవాళ్లు లేక మస్జిద్ దాదాపు మూతపడింది. గుంబజ్ ఉంది, మిహ్రాబ్ ఉంది, తలుపు తీసే మనిషి లేడు. 1913లో లాహోర్ వకీలు ఖ్వాజా కమాలుద్దీన్ వచ్చి మళ్లీ తెరిపించాడు. మస్జిద్ నడిపేవాళ్లకు ఉండే చోటు ఆ ఇల్లే అయింది. అక్కడ కొంతకాలం ఇమామ్‌గా చేసిన పిక్‌తాల్ సాహెబ్ తర్వాత హైదరాబాద్ వచ్చి, నిజాం కొలువులో ఉండగానే ఖురాన్ ఆంగ్ల అనువాదం పూర్తిచేశాడు. 1930లో అచ్చయింది.

ఇక్కడ హైదరాబాద్‌లో సాలార్‌జంగుల దివాన్ ద్యోడీ భవనాలు పోయాయి. అక్కడ ఆయన పేరిటి ఇల్లు ఉంది, మనిషి కాపురమున్నందుకే ఉంది. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు ఉండొచ్చు.

మన చౌకీదారు కుటుంబం పోయిన వానాకాలమంతా గిన్నెలు పరుచుకుని పడుకుంది. ఎస్టిమేటు కాయితం ఆఫీసులో ఉంది. బేతంచెర్ల బండలు తానిస్తానని ఒక సోదరుడు మాటిచ్చాడు. సున్నం, కూలీ మిగిలాయి. వానలు పడేలోపు మిద్దె పూర్తికావాలి.