వారం తర్వాత కనపడు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కాలేజీ గ్రంథాలయాలు, ఆన్‌లైన్ చదువుల గురించి మాట్లాడమన్నారు. నేను లైబ్రేరియన్‌ని కాదు, ఇంజినీరుని. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే నా చదువు నిలబడింది ఒక లైబ్రరీ చీటీ మీదే.

1985లో ఈ బడిలోనే తెలుగు మీడియంలో పది పాసయ్యాను. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో మెకానిక్స్ తప్పాను. లెక్క రాక కాదు, ఇంగ్లీషు ప్రశ్నలో ఏమడిగారో అర్థంకాక. ఊరికి వచ్చేద్దామని పెట్టె సర్దేశాను. పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళితే లైబ్రేరియన్ గారు తిరగేసి చూసి, "ఏం నాయనా, అట్ట కూడా నలగలేదే" అన్నారు. నా గోడు చెప్పుకున్నాను. ఆయన ఒక సన్నటి పుస్తకం తెచ్చి, అందులో చీటీ పెట్టి ఇచ్చారు. "మొదటి రెండు అధ్యాయాలు వదిలెయ్యి. మూడోదాంట్లో బొమ్మలు చూసి లెక్కలు చెయ్యి. వారం తర్వాత కనపడు."

వారం తర్వాత కనపడ్డాను. పెట్టె విప్పేశాను. సప్లిమెంటరీలో పాసయ్యాను.

ఇంత మేలు పొందినవాణ్ణి నేనేం చేశానో వినండి. నిరుడు మన ఊరి పిల్లల వాట్సాప్ గ్రూపులో 60 లింకులు పెట్టి, పెద్ద దానం చేసినట్టు పొంగిపోయాను. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంటర్ చదివే ఒక అమ్మాయిని అడిగాను. "చూశాను సార్. అన్నీ బాగున్నట్టే ఉన్నాయి. వాటిలో నాకు పనికొచ్చేది ఏదో తెలియలేదు" అంది. తలదించుకున్నాను.

మనం రైలెక్కితే రెండు గంటల్లో చేరే మద్రాసులో, ఎస్.ఆర్. రంగనాథన్ గారు లెక్కల మాస్టారుగా ఉండి 1924లో విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయ్యారు. 1931లో గ్రంథాలయానికి అయిదు సూత్రాలు రాశారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి, పాఠకుడి సమయం వృథా కాకూడదు అన్నవి అందులో మూడు. నా 60 లింకులు ఈ మూడింటికీ తప్పాయి.

ఈ రోజుల్లో చదువుకు సరుకు కొదవ లేదు. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం. 2017లో వచ్చిన స్వయంలో చదువు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే రుసుము. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించిన జాతీయ డిజిటల్ లైబ్రరీ ఫోనులోనే తెరుచుకుంటుంది. లేనిదల్లా చీటీ రాసిచ్చే మనిషి. కాలేజీ గ్రంథాలయం చెయ్యాల్సింది ఆ పనే. ఎవరికి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత సమయం పడుతుంది, ఈ మూడు ముక్కలూ లేనిది సిఫారసు కాదు, జాబితా.

నేను రాసిన చీటీలు మూడు చదువుతాను.

ఒకటి. పరీక్ష తప్పినవారికి: కలాం గారి 'ఒక విజేత ఆత్మకథ'. ఎస్‌ఎల్‌వీ-3 భాగంతో మొదలుపెట్టు. 1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి ఎగిరి బంగాళాఖాతంలో పడింది. 1980 జులై 18న రోహిణిని కక్ష్యలో పెట్టింది. మధ్యలో ఏం జరిగిందో చూడు. రెండు సాయంత్రాలు చాలు.

రెండు. ఇంగ్లీషు పాఠం చూసి జంకే ఇంజినీరింగ్ పిల్లలకు: స్వయంలో 12 వారాల కోర్సు జోలికి ఇప్పుడే పోవద్దు, 4 వారాలది తీసుకో. ఒక్కో పాఠం రెండుసార్లు చూడు. మొదటిసారి బొమ్మల కోసం, రెండోసారి మాటల కోసం. రోజుకు గంట.

మూడు. 9వ తరగతి వారికి: ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా కార్యక్రమం. రాకెట్‌ని మిద్దె మీద నుంచి చూసే మన పిల్లలు దరఖాస్తు గడువు దాటాక వినకూడదు. ఇస్రో వెబ్‌సైట్‌లో ప్రకటన చూడు. పది నిమిషాల పని.

మిత్రులారా, చందాలు ఇచ్చాం, బీరువాలు కొనిచ్చాం. ఇక ఏడాదికి ఒక్కొక్కరం ఒక్క చీటీ రాద్దాం. మనలో డాక్టర్లున్నారు, లాయర్లున్నారు, రొయ్యల సాగు చేసేవారున్నారు. ఎవరికి తెలిసింది వారు రాయండి. ఒక ప్రతి బడి నోటీసు బోర్డుకు, ఒక ప్రతి మన ఊరి కాలేజీ గ్రంథాలయానికి ఇద్దాం. అయితే చీటీ వెనక మీ ఫోన్ నంబరు రాయడం మరవొద్దు. ఆనాడు నన్ను నిలబెట్టింది పుస్తకం ఒక్కటే కాదు, "వారం తర్వాత కనపడు" అన్న మాట. నా కోసం ఒకరు ఎదురుచూస్తారన్న భయం, ధైర్యం రెండూ అందులో ఉన్నాయి.

నా మూడు చీటీలూ ఇప్పుడే ప్రధానోపాధ్యాయుల వారికి అందజేస్తున్నాను. పిల్లలూ, వెనక నంబరుంది. వారం తర్వాత ఫోన్ చెయ్యండి, ఎదురుచూస్తుంటాను.

సెలవు.