ఫైలు ఎక్కడుందో మనకు తెలియాలి
(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊళ్లు తిరిగి, బాధితురాళ్ల పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది రాసుకొచ్చేది మనం. దాన్ని టైపు చేసి, దాచి, కావాలన్నప్పుడు తీసిచ్చేది చాలా సంస్థల్లో ఇంకొకరు. ఆ మనిషి సెలవు పెడితే మన పని ఆగిపోతుంది. సమాచారం మనది, తాళంచెవి మన దగ్గర లేదు. అందుకే కంప్యూటరును నేను అధికారానికి సంబంధించిన విషయంగా చూస్తాను.

మిషన్లు ఆడవాళ్లకు పట్టుబడవనే మాట ఇంకా వింటున్నాం. చార్లెస్ బాబేజ్ ఊహించిన యంత్రం చేత లెక్క ఎలా చేయించాలో 1843లో వరసగా రాసి ప్రచురించింది అడా లవ్‌లేస్. 1946లో అమెరికాలో ప్రదర్శించిన ఎనియాక్ కంప్యూటరుకు ప్రోగ్రాములు తయారుచేసింది ఆరుగురు స్త్రీలు: కే మెక్‌నల్టీ, బెట్టీ స్నైడర్, జీన్ జెనింగ్స్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలాస్, రూత్ లిక్టర్‌మన్. పేరు ఇంజనీర్లకు వచ్చింది. వీళ్లను లోకం గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది. పొలంలో, ఇంట్లో మన శ్రమకు ఏం జరిగిందో అక్కడా అదే జరిగింది.

ఇక నేర్చుకోవలసిన సంగతులు. తెరమీద మీరు కొట్టే అక్షరాలు మొదట ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటాయి. కరెంటు పోతే అవీ పోతాయి. సేవ్ చేస్తే డిస్కులోకి చేరి నిలుస్తాయి. ఒళ్లో పోసుకున్న గింజలకూ గాదెలో పోసిన గింజలకూ ఉన్న తేడా ఇదే. కొన్ని ప్రోగ్రాములు వాటంతటవే సేవ్ చేస్తాయి. అప్పుడు కూడా ఎక్కడ సేవ్ అవుతోందో చూసుకోవాలి.

ఫైలు అంటే ఒక కాగితాల కట్ట, ఫోల్డరు అంటే దాన్ని పెట్టే అర. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ రాస్తే అన్నీ కాలక్రమంలో వరసగా కనిపిస్తాయి. కేసు ఫైలుకు బాధితురాలి పేరు పెట్టకండి, నంబరు ఇవ్వండి. ఏ నంబరు ఎవరిదో రాసిన పట్టిక విడిగా, భద్రంగా ఉండాలి.

ప్రతి ఫైలుకూ కనీసం మూడు ప్రతులు ఉండాలి. ఒకటి ఆఫీసు కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి వేరే చోట. మొదటి రెండూ ఒకే బల్ల మీద ఉంటే ఒక వానకో ఒక దొంగతనానికో రెండూ పోతాయి. వేరే చోట ఉంచే ప్రతికీ తాళం ఉండాలి.

పాస్‌వర్డు గురించి గట్టిగా చెప్పదలుచుకున్నాను. భర్త హింస భరించలేక ఇల్లు వదిలి వచ్చిన స్త్రీ కొత్త చిరునామా మన ఫైల్లో ఉంటుంది. ఆ ఫైలు తప్పుడు మనిషి చేతిలో పడితే ఆమె ప్రాణానికే ముప్పు. అందరికీ ఒకే పాస్‌వర్డు ఉండటం, దాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించడం ఇక మానేద్దాం. ఎవరి పాస్‌వర్డు వారికి ఉండాలి. ఉద్యోగం వదిలి వెళ్లినవారి ప్రవేశం ఆ రోజే ఆపాలి. డిలీట్ కొట్టిన ఫైలు మామూలుగా ముందు రీసైకిల్ బిన్‌లోకి పోతుంది, అక్కడినుంచి ఎవరైనా తీయొచ్చు. బిన్ ఖాళీ చేసినా, తెలిసినవాళ్లు డిస్కులోంచి బయటికి లాగగలిగే సందర్భాలున్నాయి. కంప్యూటరును బాగు చేయించడానికి పంపేముందు ఇది గుర్తుంచుకోండి.

తెలుగు సంగతి. పాత డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంది. అందువల్ల ఫోనులోనూ కంప్యూటరులోనూ ఒకేలా చదవొచ్చు, ఒక మాట కోసం వందల పేజీలు క్షణంలో వెతకొచ్చు. మన పాత నివేదికలను యూనికోడ్‌లోకి మార్చకపోతే ఏళ్ల తరబడి చేసిన పని రేపటివాళ్లకు అందదు.

ప్రభుత్వ లెక్కలనూ మనం చదవగలగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షను ప్రకారం, కంప్యూటరులో ఉన్న సమాచారాన్ని ప్రింటుగానే కాక ఎలక్ట్రానిక్ రూపంలో కూడా పొందే హక్కు మనకుంది. పింఛన్ల జాబితా స్ప్రెడ్‌షీటుగా వస్తే, ఒక్కో మనిషికి ఒక్కో అడ్డు వరస, ఊరికీ వయసుకూ మొత్తానికీ ఒక్కో నిలువు వరస ఉంటాయి. ఊరివారీగా సర్దితే ఎవరికి అందింది, ఎవరి పేరు ఎగిరిపోయింది అన్నది మనమే తేల్చుకోవచ్చు. అధికారి చెప్పే మొత్తం మీద ఆధారపడనక్కర్లేదు.

ఇవన్నీ ఒక్కరోజులో రావు. వారానికి రెండు గంటలు కేటాయించండి. ఆ సమయంలో మౌసు నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి, నేర్పేవాళ్లు నోటితో చెప్పాలి. తిరిగి వెళ్లాక మీ సంస్థ సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి: మన ఫైళ్లు ఎక్కడున్నాయి? ఎన్ని ప్రతులున్నాయి? ఎవరెవరు తెరవగలరు? వచ్చిన జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి.