ఆయిల్ ఫిల్టర్‌కు చేతి బిగువే చాలు

కారు ఆయిల్ మార్చినప్పుడు కొత్త ఫిల్టర్‌ను పానా పెట్టి బిగిస్తేనే గట్టిగా ఉంటుందని చాలామంది నమ్మకం. మర తిప్పి బిగించే డబ్బా ఫిల్టర్ విషయంలో ఇది పొరపాటు. ఆయిల్ కారకుండా ఆపేది మర కాదు, ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు వాషర్. అది సమంగా నొక్కుకుంటే చాలు. అతిగా బిగిస్తే రబ్బరు నలిగి చెడుతుంది, పైగా తర్వాతిసారి ఫిల్టర్ ఓ పట్టాన ఊడిరాదు. అందుకే వాషర్‌కు వేలితో కొత్త ఆయిల్ పలచగా రాసి, రబ్బరు ఇంజిన్‌ను తాకేదాకా చేత్తో తిప్పి, ఆపైన మరో ముప్పావు చుట్టు బిగించమని చాలా ఫిల్టర్ల మీదే ముద్రించి ఉంటుంది. రబ్బరు పొడిగా ఉంటే తిరిగేటప్పుడు పట్టేసి మెలిపడుతుంది.

మరి ఇంజిన్ అదురుకు వదులైపోదా అని అడగవచ్చు. నొక్కుకున్న రబ్బరు వెనక్కి తన్నుతూ మరలను బిగబట్టి ఉంచుతుంది, కాబట్టి వదులవదు. అసలు భయపడాల్సింది వేరే ఉంది. పాత ఫిల్టర్ ఊడదీసినప్పుడు దాని వాషర్ ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుపోతుంది. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లూ జారి, ఇంజిన్ నడుస్తుండగానే ఆయిలంతా బయటికి వచ్చేయవచ్చు. ఎంత బలంగా బిగించినా దీనికి విరుగుడు లేదు. ఇంజిన్ మీద ఫిల్టర్ కూర్చునే చోటును గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూసుకోవాల్సిందే. ప్లాస్టిక్ మూత లోపల కాగితం ఫిల్టర్ ఉండే కార్లలో మాత్రం టార్క్ రెంచ్ వాడాలి, ఓ-రింగ్ కొత్తది వేయాలి. బిగించాక ఇంజిన్‌ను ఒక నిమిషం నడిపి, ఫిల్టర్ చుట్టూ తడి ఉందేమో చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి, కాసేపు ఆగి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడండి.