పానా మీది అంకె
(అనంతర విద్యా కేంద్రాలలో చదివి వినిపించేందుకు ప్రసంగ పాఠం)



ఒక ఇంట్లో కుట్టు మిషను ఉందనుకోండి. ఆ ఇంటావిడ జాకెట్లు కుడుతుంది. ఆ డబ్బుతోనే పిల్లల పుస్తకాలు, ఆ డబ్బుతోనే నూనె, పప్పు.

రేపు పండగ. ఈరోజు మిషనులో ఒక మర వదులైంది. ఆమె సంతలో కొన్న చవక స్క్రూడ్రైవర్ తీసింది. మర గాడిలో పెట్టి తిప్పింది. స్క్రూడ్రైవర్ మొన వంగిపోయింది. మర గాడి అరిగిపోయింది. ఇక ఆ మర బిగియదు, ఊడి రాదు. మిషను ఆగిపోయింది. చేతిలో కుట్టాల్సిన జాకెట్లు ఆరు ఉన్నాయి.

స్క్రూడ్రైవర్‌కు పెట్టింది ఇరవై రూపాయలే. మరి పోయిన కూలి ఎంత? మిషను బాగుచేయించడానికి ఎంత? మాట పోయిన బాధకు ఎంత?

చీర కొనేటప్పుడు ఆడవాళ్ళు పోగు చూస్తారు, రంగు చూస్తారు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోత వింటారు. కొడవలి కొనేటప్పుడు పదును చూస్తారు. కానీ పానా, సుత్తి, శ్రావణం అనేసరికి "అవి మగవాళ్ళ సామాన్లు, మనకేం తెలుసు" అంటారు. అక్కడే మోసపోతారు. పనిముట్టుకు ఆడా మగా లేదు. అది పట్టుకున్న చేతి మాట వింటుంది.

బాందా స్త్రీల సంగతి

ఉత్తరప్రదేశ్‌లో బాందా అనే జిల్లా ఉంది. ఎండలు మండిపోయే నేల. అప్పట్లో తాగడానికి చేతి పంపుల నీళ్ళే దిక్కుగా ఉండేవి. పంపు చెడితే కష్టం ఆడవాళ్ళదే అయ్యేది. మెకానిక్కు ఎప్పుడు వస్తాడో తెలిసేది కాదు.

1990ల మొదట్లో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద అక్కడి పల్లె స్త్రీలకు చేతి పంపుల మరమ్మతు నేర్పించారు. వాళ్ళలో చాలామందికి అప్పటికి చదువు రాదు. బరువైన రెంచీలు పట్టారు. పైపులు పైకి లాగారు. నవ్వినవాళ్ళ ముందే పంపులు బాగుచేసి నీళ్ళు తెప్పించారు.

పని చేస్తూంటే వాళ్ళకు ఒక సంగతి తెలిసింది. పనిముట్ల మీద అంకెలు ఉన్నాయి. ఏ పంపు ఎప్పుడు బాగుచేశారో పుస్తకంలో రాయాలి. ఏ సామాను వచ్చిందో చదవాలి. అందుకని వాళ్ళే చదువు కావాలని అడిగారు. తర్వాత తమ పత్రిక కూడా తామే తయారుచేసుకున్నారు. దాని పేరు 'మహిళా డాకియా'. డాకియా అంటే తపాలా మనిషి.

పానా నుంచి పలక దగ్గరికి వచ్చారు వాళ్ళు. ఇక్కడ చదువు నేర్చిన అక్కలు పలక నుంచి పానా దగ్గరికి వెళ్ళవచ్చు.

పానా మీద అంకె ఏమి చెబుతుంది?

పానాను కొందరు స్పానర్ అంటారు. దాని మీద 10, 13, 17, 19 ఇలా అంకెలు ఉంటాయి. 13 అంటే ఆ పానా నోరు 13 మిల్లీమీటర్ల వెడల్పు అని అర్థం. పిల్లల స్కేలు పెట్టి కొలిచినా తెలుస్తుంది.

ఒక తిరకాసు ఉంది. పానా మీది అంకె బోల్టు తల వెడల్పు. బోల్టు కాడ మందం కాదు. మామూలుగా 8 మిల్లీమీటర్ల బోల్టుకు 13 పానా పడుతుంది. 10 బోల్టుకు 17, 12 బోల్టుకు 19. ఊళ్ళలో ఉండే ఇండియా మార్క్ రెండు చేతి పంపుకు 17, 19 అంకెల పానాలు వాడతారు. కొన్ని మోటారు సైకిళ్ళలో 8 బోల్టుకు 12 పానా పడుతుంది. పాత మిషన్లలో అంగుళాల కొలతలు కూడా ఉంటాయి.

అందుకే ఒక సులువైన పద్ధతి ఉంది. కొట్టుకు వెళ్ళేటప్పుడు ఇంటి నుంచి ఒక బోల్టు కొంగున ముడివేసుకుని వెళ్ళండి. పానాను బోల్టు తలకు పెట్టి చూడండి. బిగువుగా కూర్చోవాలి. అటూ ఇటూ కదిలితే కొనకండి. వదులు పానా బోల్టు మూలలను అరగదీస్తుంది. బలంగా లాగేటప్పుడు జారిపోతుంది. అప్పుడు వేళ్ళు ఇనుముకు కొట్టుకుంటాయి.

మెరుపు వేరు, గట్టిదనం వేరు

కొట్టులో తళతళలాడే పానాలు చాలా ఉంటాయి. పైపూత ఏ ఇనుముకైనా వేయవచ్చు. లోపల ఏముందన్నదే ముఖ్యం.

మంచి పానాను కాచిన ఉక్కును అచ్చులో కొట్టి చేస్తారు. కమ్మరి కొలిమిలో కాచి సమ్మెటతో కొట్టినట్టే, పెద్ద యంత్రంతో కొడతారు. అప్పుడు ఉక్కు గట్టిపడుతుంది. తక్కువ రకం పనిముట్టును పోత ఇనుముతో పోస్తారు. అది చూడటానికి లావుగా ఉంటుంది గానీ గట్టిగా లాగితే పెళుక్కున విరుగుతుంది. కొన్నిటిని మెత్తని రేకు ఇనుముతో చేస్తారు. వాటి నోరు విచ్చుకుపోతుంది.

మంచి పానాల మీద 'క్రోమ్ వెనేడియం' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. అది గట్టి ఉక్కు రకం పేరు. తయారు చేసిన కంపెనీ పేరు, అంకె లోతుగా, స్పష్టంగా అచ్చుపడి ఉండాలి. కాగితం అంటించి వదిలేసిన సరుకును నమ్మకూడదు. అయితే అచ్చును కూడా దొంగతనంగా వేసేవారు ఉంటారు. కాబట్టి చదవాలి, పట్టి కూడా చూడాలి.

ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటే దాని పైన ప్రమాణం నంబరు, కింద లైసెన్సు నంబరు ఉండాలి. నంబర్లు లేని ఉత్త గుర్తును అనుమానించాలి. ఆ లైసెన్సు నంబరు నిజమైనదో కాదో ఇప్పుడు సెల్‌ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో చూడవచ్చు.

ఏది ఎలా చూడాలి?

స్క్రూడ్రైవర్: మొన చదునుగా, అంచులు సరిగా ఉండాలి. మర గాడి నిండా కూర్చోవాలి. చిన్న మరకు పెద్దది, పెద్ద మరకు చిన్నది వాడితే రెండూ పాడవుతాయి. పిడి ఒక చేత్తో, కడ్డీ ఒక చేత్తో పట్టి తిప్పండి. పిడి లోపల కడ్డీ తిరిగితే అది పనికిరాదు.

శ్రావణం: కటింగ్ ప్లేయర్ అంటారు. మూసి వెలుతురుకు ఎదురుగా పట్టండి. కోసే అంచుల మధ్య వెలుతురు కనబడకూడదు. తెరిచి మూస్తే సాఫీగా కదలాలి, పక్కకు ఊగకూడదు. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉంది కదా అని కరెంటు తీగలు ముట్టుకోకూడదు. ఏ పిడి అయినా సరే, ముందు మెయిన్ ఆపాలి. తర్వాతే చేయి పెట్టాలి.

సుత్తి: కర్ర పిడి అయితే కర్ర నార పిడి పొడుగునా నేరుగా సాగాలి. అడ్డంగా ఉంటే విరుగుతుంది. తల కదలకూడదు. ఊడిన సుత్తి తల ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేరు. సుత్తిని సుత్తితో కొట్టకూడదు. ముక్కలు లేస్తాయి.

హాక్సా బ్లేడు: బ్లేడు మీద 18, 24, 32 అంకెలు ఉంటాయి. అంగుళానికి అన్ని పళ్ళు అని అర్థం. పలచని రేకుకు 32, మామూలు పైపుకు 24, లావు ఇనుముకు 18. పళ్ళు ముందుకు చూసేలా బిగించాలి. ముందుకు తోసేటప్పుడే కోత పడుతుంది.

చవక ఏది? ఖరీదు ఏది?

ఒక లెక్క వేయండి. ఒక పానా 50 రూపాయలు, ఆరు నెలలకు నోరు విచ్చుకుంది అనుకోండి. ఐదేళ్ళకు ఎన్ని కొనాలి? పది. పదికి ఎంత? 500 రూపాయలు. ఇంకో పానా 200 రూపాయలు, ఐదేళ్ళూ పనిచేసింది అనుకోండి. ఏది చవక?

అలాగని ఎక్కువ ధర పెట్టినదల్లా మంచిదని కాదు. పెట్టెలో నూరు సామాన్లు అని అమ్ముతారు. అందులో ఇంటికి పనికొచ్చేవి పది కూడా ఉండవు. ముందు ఇంట్లో ఉన్న మిషను, సైకిలు, పంపు చూసుకోండి. వాటికి కావలసినవే చీటీ మీద రాసుకోండి. తక్కువే కొనండి, మంచివి కొనండి. నోరు తెరిచి ఉన్న పానా కంటే రింగు పానా నట్టును చుట్టూ పట్టుకుంటుంది. బిగిసిపోయిన నట్టుకు అదే మంచిది.

పాత సామాను కూడా తీసి పారేయవద్దు. సికింద్రాబాదు రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇనుప సామాను కొట్లు వరసగా ఉంటాయి. నాలుగు కొట్లు తిరిగితే ధర తెలుస్తుంది. పాత పనిముట్టు కొంటే పగులు ఉందేమో, నోరు అరిగిందేమో చూడాలి. పైన తుప్పు ఉంటే తుడిస్తే పోతుంది. పగులు పోదు.

ఒక్క ఇంటికి భారమైతే పొదుపు సంఘం అంతా కలిసి ఒక పెట్టె కొనవచ్చు. ఎవరు ఏ తేదీన ఏది తీసుకున్నారో, ఎప్పుడు తిరిగి ఇచ్చారో పుస్తకంలో రాస్తే తగవులు ఉండవు. వాడాక గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె రాసి పెట్టాలి.

బిల్లు అడగడం తప్పు కాదు

డబ్బాలో వచ్చిన సరుకు మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చువేసి ఉంటుంది. పన్నులన్నీ అందులోనే కలిసి ఉంటాయి. దానికంటే ఎక్కువ తీసుకోకూడదు. తక్కువకు బేరం ఆడవచ్చు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. అందులో కంపెనీ పేరు, అంకె, తేదీ ఉన్నాయా చదవండి. గ్యారంటీ అని నోటితో చెబితే చాలదు, రాసి ఇమ్మనండి.

దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 నుంచి అమలవుతోంది. సరుకు లోపమైతే ముందు కొట్టువాడిని అడగాలి. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషనులో రెండేళ్ళ లోపు ఫిర్యాదు చేయవచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల వరకు అయితే ఫీజు లేదు. కానీ బిల్లు లేకపోతే కొన్నట్టు చూపడం కష్టం.

కుట్టు మిషను ఆగిన ఆ ఇల్లాలికి రెండు వందలు పెట్టే స్తోమత లేక కాదు ఆ నష్టం వచ్చింది. ఏది అడగాలో తెలియక వచ్చింది. నిన్నటిదాకా పానా మీది అంకె ఒక గీత. ఈరోజు అది ఒక మాట. చదవగలిగిన చేతిని మోసం చేయడం అంత సులువు కాదు.

చదవండి - చేయండి

1. ఇంట్లో ఉన్న పనిముట్ల మీద ఏ అంకెలు ఉన్నాయి? చూసి రాయండి.
2. 19 పానా ఎంత లావు బోల్టుకు పడుతుంది?
3. రేకు కోయడానికి ఎన్ని పళ్ళ బ్లేడు కావాలి?
4. ఇటీవల కొన్న ఏదైనా వస్తువు బిల్లు తీసుకుని కేంద్రానికి రండి. అందరికీ చదివి వినిపించండి.