మన కళల కాగితాలు ఏ కట్టలో ఉన్నాయి?

(లేపాక్షిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. అందువల్ల నాకు తెలిసిన విషయంతోనే మొదలుపెడతాను. మా కార్యాలయంలో ఒక ఫైలు ముగిస్తే దానిపై ఒక గుర్తు రాయాలి. ఎల్.డిస్. అని రాస్తే ఏడాది తరువాత ఆ కాగితాలను నాశనం చేయవచ్చు. కె.డిస్. అయితే మూడేళ్లకు, డి.డిస్. అయితే పదేళ్లకు. ఆర్.డిస్. అని రాసిన ఫైలు మాత్రం శాశ్వతంగా రికార్డు గదిలో ఉంటుంది. ఆ రెండక్షరాలు రాసేది ఒక చిన్న ఉద్యోగి. అయితే వందేళ్ల తరువాత ఎవరి మాటకు ఆధారం ఉంటుందో, ఎవరి మాటకు ఉండదో అక్కడే తేలిపోతుంది.

మన సముదాయపు కళలకు మనం ఏ గుర్తు రాశాము? ఈనాడు మీ ముందు పెట్టదలచిన ప్రశ్న ఇదే.

మనం కూర్చున్న ఊరినే చూడండి. అచ్యుతదేవరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం ఇక్కడ ఉంది. ఆలయానికి దక్కిన దానాల వివరాలు రాతి శాసనాలలో ఉన్నాయి. పైకప్పు మీది చిత్రాలలో ఆనాటి మనుషుల కట్టుబొట్టులు, చీరల అంచులు, పొడవాటి కుచ్చు టోపీలు నేటికీ కనిపిస్తాయి. దేశదేశాల నుంచి వచ్చి చూస్తున్నారు. దానమిచ్చిన వారి పేర్లు మనకు తెలుసు. ఆ రంగులు వేసిన చేతుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? రాతి మీద చెక్కిన చోటనే పరిస్థితి ఇలా ఉంటే, కాగితం మీదా కంఠంలోనూ బతికిన కళల సంగతి చెప్పనక్కరలేదు. అందుకు హైదరాబాదు పాతబస్తీకి మించిన ఉదాహరణ లేదు.

చార్మినారుకు చేరువలో మహబూబ్ కీ మెహందీ అనే పేట ఉండేది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వెలసిన పేట. ఒకప్పుడు అక్కడ గజల్ గానం, నాట్యం, తబలా, సారంగి వర్ధిల్లాయి. తరువాతి కాలంలో ఆ పేట పేరు చెప్పడానికే జనం సంకోచించారు. పాడినవారి పేర్లు, నేర్పిన ఉస్తాదుల పేర్లు ఇళ్లలో ఎవరూ ఉచ్చరించలేదు. సిగ్గుపడిన కుటుంబాలు కాగితాలను దాచవు, వదిలించుకుంటాయి.

అంతకు వందేళ్ల పూర్వపు ఒక స్త్రీ కథ ఇందుకు భిన్నంగా నడిచింది. మహ్ లఖా బాయి చందా 1768లో జన్మించారు. నిజాం దర్బారులో గాయని, నర్తకి, కవయిత్రి. దక్కన్ చరిత్రను రాయించారు. మౌలా అలీ గుట్ట వద్ద తన తల్లికి సమాధి కట్టించి, 1824లో తానూ అక్కడే నిద్రించారు. ఆమె గజళ్ల దీవాను ప్రతి ఒకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1799 అక్టోబరు 18న, నాట్యం జరుగుతుండగా, ఆమె కెప్టెన్ మాల్కంకు దానిని నజరానాగా సమర్పించినట్టు ఆ పుస్తకంపైనే రాసి ఉంది. పుచ్చుకున్నది ఎవరో, ఏ రోజునో, ఏ సందర్భంలోనో రాసి పెట్టడం వల్ల ఆ సాయంత్రం ఈనాటికీ మిగిలింది.

దీవాను వెలువరించిన తొలి ఉర్దూ కవయిత్రి ఆమేనని చాలాకాలం అందరూ నమ్మారు. మహ్ లఖా దీవాను 1798 నాటిది. అయితే హైదరాబాదుకే చెందిన లుత్ఫున్నిసా ఇంతియాజ్ అనే మరో కవయిత్రి దీవాను ప్రతి సాలార్ జంగ్ మ్యూజియంలో బయటపడింది. అది హిజ్రీ 1212 నాటిది, అంటే 1797. ఒక్క ఏడాది తేడా. ఒక చేతిరాత ప్రతిని ఎవరో పారవేయకుండా ఉంచినందువల్ల చరిత్రలో మొదటి పేరు మారింది. ఆ ప్రతి తూకానికి పోయి ఉంటే ఇంతియాజ్ అనే మనిషి ఉన్నట్టే మనకు తెలిసేది కాదు.

తవాయిఫ్‌ల గురించి మన సభలో ఎందుకని కొందరు అడగవచ్చు. వారి జీవన విధానాన్ని మెచ్చుకోమని నేను అనడం లేదు. రికార్డు అనేది తీర్పు కాదు. జరిగినదానికి సాక్ష్యం. నచ్చని కాగితాన్ని చించే అలవాటు మనకు ఉంటే, మనం నచ్చనివారు మన కాగితాలను చించినప్పుడు అడిగే నోరు మనకు ఉండదు.

ప్రకృతి కూడా మనల్ని విడిచిపెట్టలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన వరదలో వేలాది ప్రాణాలు పోయాయి. అఫ్జల్‌గంజ్ పరిసరాలలో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. ఆ ఇళ్లతో పాటు పెట్టెలు, ఆ పెట్టెలలోని చేతిరాతలు కూడా పోయి ఉంటాయని వేరే చెప్పనవసరం లేదు.

అయితే పోయినదానిని తలచుకొని కూర్చోని పెద్దలు కూడా మనకున్నారు. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించారు. ఉర్దూ చేతిరాత ప్రతులను సేకరించి, ఒక్కొక్క ప్రతికి వివరం రాసి, సంపుటాలుగా జాబితాలు ప్రచురించారు. పంజగుట్టలోని ఐవానె ఉర్దూ భవనం ఆ శ్రమ ఫలితమే. సంస్థను ప్రారంభించిన నాటికి ఆయనకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఇక నా ఇంటి సంగతి చెప్పాలి. మా అమ్మ తమ్ముడిని మేము మామూ అని పిలిచేవాళ్లం. పెనుకొండలో బాబా ఫక్రుద్దీన్ దర్గా ఉరుసులో ఆయన ఖవ్వాలీ పాడేవారు. నల్ల అట్ట వేసిన లావుపాటి నోటుపుస్తకంలో ఉర్దూ లిపిలో పాటలు, పక్కన ఏ ఊళ్లో ఏ రాత్రి పాడారో రాసుకునేవారు. ఆయన పోయిన తరువాత ఇల్లు సర్దుతూ పాత కాగితాల మూటను బండివానికి వేసినవాణ్ణి నేనే. నాకు ఉర్దూ చదవడం రాదు. లెక్కల పుస్తకం అనుకున్నాను. కార్యాలయంలో ఒక్క కాగితం తప్పిపోతే రాత్రి నిద్ర పట్టేది కాదు నాకు. నా ఇంట్లో ఒక మనిషి నలభై ఏళ్ల పాటను తూకానికి వేసి, చిల్లర లెక్కపెట్టుకున్నాను. ఎల్.డిస్. అని రాసింది ప్రభుత్వం కాదు, నేనే.

కాగితం విలువ ఏమిటో ఈ రోజుల్లో మనకు ఎవరూ చెప్పవలసిన పని లేదు. ఇకపై వాడుకను బట్టి వక్ఫ్ ఏర్పడదని 2025 సవరణ చట్టం చెప్పిన తరువాత మసీదు కమిటీలన్నీ పాత దస్తావేజుల కోసం అటకలు వెతికాయి. భూమికి పత్రం ఎంత అవసరమో, ఈ నేల సంస్కృతిలో మనకు వాటా ఉందని చెప్పడానికీ పత్రం అంతే అవసరం. "మీరు ఇక్కడివారేనా?" అనే ప్రశ్నకు ఉరుసు కరపత్రం, ముషాయిరా ఆహ్వానం, నాదస్వర విద్వాంసుడి కచేరీ కాగితం కూడా సమాధానాలే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికి కీర్తి తెచ్చిన షేక్ చిన మౌలానాను ఎవరు కాదనగలరు? ఆయన పేరు నిలిచింది. ఆయనతో పాటు మన పల్లెల్లో సన్నాయి ఊదిన వందల కుటుంబాల పేర్లు ఎక్కడ ఉన్నాయి?

పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నిటికంటే దీర్ఘమైన ఆయత్ బఖరా సూరాలో ఉంది. అది అప్పును గడువుతో సహా రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే ఆయత్. రాసి ఉంచడం మనకు ఇతరులు నేర్పవలసిన విద్య కాదు.

కాబట్టి మీరు ఇంటికి వెళ్లి చేయవలసిన పనులు కొన్ని చెబుతాను. పెట్టెలోని పాత ఉర్దూ, ఫార్సీ కాగితాన్ని చదవడం రాదని పారవేయకండి. చదవగలిగిన వారికి చూపండి. చిరిగిన చోట ప్లాస్టిక్ టేపు అంటించకండి, లామినేషన్ చేయించకండి. అవి కాగితాన్ని తినేస్తాయి. శుభ్రమైన నూలు గుడ్డలో చుట్టి, తేమ తగలని చోట ఉంచండి. ఫొటో వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయండి. ప్రతి కాగితాన్నీ ఫోనులో ఫొటో తీసి ఇద్దరు బంధువుల దగ్గర ఉంచండి. పెళ్లిళ్లలో ఢోలక్ గీతాలు పాడే నానీమాలు, దాదీమాలు ఉంటే వారి గొంతు ఈ నెలలోనే రికార్డు చేయండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడగండి. మసీదు కమిటీలు ఒక బీరువాను, ఒక జాబితా పుస్తకాన్ని ఇందుకు కేటాయించాలని నా మనవి. కాగితాలు ఇవ్వడం ఇష్టం లేని కుటుంబం నుంచి నకలు తీసుకుంటే చాలు.

వచ్చే శుక్రవారం నుంచి జుమా నమాజు తరువాత ఒక గంట నేను మసీదు వరండాలో కూర్చుంటాను. ఏమి తెచ్చినా వరుస సంఖ్య వేసి, తెచ్చినవారి పేరు రాసి, రసీదు ఇస్తాను. ఉర్దూ చదవగల యువకులు ఇద్దరు తోడుగా రావాలి. మామూ నోటుపుస్తకం నాకు తిరిగి రాదు. మీ ఇళ్లలో ఉన్నదానిపై మాత్రం ఇన్షా అల్లాహ్ ఆర్.డిస్. అని రాద్దాం.