పాత స్పీకర్లు, చిన్న గది

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. దాని భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్లలో అటక మీద పాత స్పీకరు పెట్టెలుంటే, దయచేసి పాత సామాన్లకు వేసేయకండి.

ముందు కాగితపు కోను చూడండి. దాని చుట్టూ ఫోమ్ అంచు ఉంటే, ఏళ్ల తరబడి మన డెల్టా ఉక్కకూ తేమకూ జిగటబారి, వేలు తగిలితే పొడిగా రాలుతుంది. కోను బాగుంటే అంచు ఒక్కటే మార్పించవచ్చు. గుడ్డ అంచైతే ఎక్కువకాలం మన్నుతుంది.

ఇక గది. విజయవాడ సత్యనారాయణపురం పాత ఇళ్లలో చిన్న గది, గచ్చు నేల, నున్నటి గోడలు. పెట్టెను మూలకు నెడితే మంద్రధ్వని ఉబ్బిపోయి, మృదంగం మోత గాత్రాన్ని మింగేస్తుంది. గోడకు కనీసం మూరెడు ఎడం ఇవ్వండి. పెట్టెల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ మీ కుర్చీకీ అంతే దూరం ఉంటే మంచిది. సన్నని ధ్వనులు పలికే ట్వీటరు చెవి ఎత్తున ఉండాలి. నేల మీద బొంత పరిస్తే ప్రతిధ్వని తగ్గుతుంది.

అప్పుడు బాలమురళీకృష్ణ పాత మోనో రికార్డు పెట్టండి. గొంతు సరిగ్గా నడిమిన నిలిచేదాకా పెట్టెలను అంగుళం అంగుళం జరపండి. ఎంత జరిపినా నిలవకపోతే, ఒక పెట్టెకు ప్లస్, మైనస్ తీగలు తారుమారయ్యాయేమో చూడండి.