తొలినాటి డచ్చి ప్రాంతీయ పత్రికలు

నెదర్లాండ్స్ దేశాన్ని మనం వాడుకలో హాలెండు అంటాము. నిజానికి హాలెండు ఆ దేశంలో ఒక భాగం మాత్రమే. ఉత్తరాన ఉన్న ఫ్రీస్లాండు వాసిని గాని, నైరుతి తీరాన దీవులలో నివసించే జేలాండు వాసిని గాని హాలెండువాడని సంబోధిస్తే, ఆయన మర్యాదగానైనా మన మాటను సవరించక మానడు. 1579 నాటి ఊట్రెక్ట్ ఒడంబడిక పునాదిగా ఏర్పడిన డచ్చి గణరాజ్యంలో ఏడు రాష్ట్రాలుండేవి. ప్రతి రాష్ట్రానికీ తన సభ, తన ఆచారాలు, తన అభిమానం వేరుగా ఉండేవి. ఈ ప్రాంతాభిమానానికీ, అక్కడి తొలి వార్తాపత్రికలకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

డచ్చి భాషలో మనకు దక్కిన తొలి వార్తాపత్రిక 1618లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో అచ్చయినది. 1656లో అబ్రహాం కాస్టెలైన్ హార్లెమ్ పట్టణంలో స్థాపించిన పత్రిక తరువాత తన పేరుకు ముందు “నిజాయితీ గల” అనే అర్థమిచ్చే విశేషణాన్ని చేర్చుకొని, ఐరోపా అంతటా పేరు గడించినది. రాజధానికీ, వర్తక కేంద్రాలకూ దూరంగా ఉన్న రాష్ట్రాలకు పత్రికలు రావడానికి మరికొంత కాలం పట్టినది. గ్రోనింగెన్‌లో 1743లోను, ఫ్రీస్లాండు ముఖ్యపట్టణమైన లేవార్డెన్‌లో 1752లోను, జేలాండులోని మిడెల్బర్గ్‌లో 1758లోను పత్రికలు వెలసినవి.

వీటిలో లేవార్డెన్ పత్రిక చరిత్ర ఆసక్తికరమైనది. ఆ పట్టణంలో చిరకాలం ఒక రాజవంశీయుని కొలువు ఉండేది. 1747లో నాలుగవ విలియం అన్ని రాష్ట్రాలకూ అధినేత కావడంతో ఆ కొలువు హేగ్ నగరానికి తరలిపోయినది. ఐదేళ్ళు గడిచిన పిమ్మట, 1752 జూలై 29వ తేదీ శనివారం నాడు, అబ్రహాం ఫెర్వెర్డా అనే పుస్తకవిక్రేత “లేవార్డెర్ కూరాంట్” తొలి సంచికను వెలువరించినాడు. కొలువు పోయిన ఊరికి పత్రిక వచ్చినది. అదే పేరుతో నేటికీ వెలువడుతున్న డచ్చి పత్రికలలో అది మిక్కిలి పాతది.

ఇటువంటి పత్రికను తెరిచి స్థానిక వార్తలకోసం వెదికే వారికి ఆశాభంగం తప్పదు. వియన్నా కబురు ఉంటుంది, పారిస్ కబురు ఉంటుంది, లండన్, కాన్‌స్టాంటినోపుల్ కబుర్లు ఉంటవి. ఊరి కబురు మాత్రం దాదాపు కనిపించదు. ఇందుకు రెండు కారణాలు చెప్పుకోవచ్చును. పత్రిక నడపడానికి పాలకుల అనుమతి కావలెను. ఇచ్చిన చేతులే దానిని తిరిగి పుచ్చుకోగలవు. కనుక తమ ఊరి పెద్దల వ్యవహారాలను అచ్చులో చర్చించే సాహసం ఏ ప్రచురణకర్తా సులభంగా చేయలేదు. రెండవది, ఊరి సంగతి ఊరివారికి తెలియనిదా? అంగడిలోను, చర్చి ముంగిట్లోను, కాలువ పడవలలోను అది నోటినుండి నోటికి ముందే పాకిపోయేది. డబ్బిచ్చి కొనవలసినది దూరపు వార్తనే.

అయితే ఆ పత్రికలో ఊరు లేదా? ఉన్నది, ప్రకటనలలో ఉన్నది. ఫలానా ఇల్లు, ఫలానా పొలం వేలానికి వచ్చినవని ఒకరు తెలుపుతారు. కొత్త గ్రంథాలు వచ్చినవని పుస్తకాల వర్తకుడు విన్నవిస్తాడు. పోయిన వస్తువును తెచ్చి ఇచ్చినవారికి బహుమానమిస్తామని మరొకరు వేడుకుంటారు. రానురాను జనన వివాహ మరణాల ప్రకటనలు కూడా చేరినవి. వియన్నా కబురు అన్ని ఊళ్ళవారికీ ఒకటే. ఈ చిన్న ప్రకటనలు మాత్రం ఆ సీమవారికే అర్థవంతములు. ఏ పేరు ఎవరిదో, ఏ పొలం ఏ గట్టున ఉన్నదో తెలిసినవారే వాటి పాఠకులు. ఆ విధంగా, ఎన్నడూ ముఖాలు చూచుకోని పల్లెలవారు సైతం ఒకే సీమవారమన్న భావాన్ని, ఎవరి బోధా లేకుండానే, అలవరచుకొన్నారు.

మిడెల్బర్గ్ విషయంలో మనకూ కొంత సంబంధమున్నది. మన మచిలీపట్నం, భీమునిపట్నం రేవులనుండి వస్త్రాలు కొనుగోలు చేసిన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఆరు శాఖలలో ఒకటి ఆ పట్టణంలోనే ఉండేది. పత్రికలో కనిపించే ఓడల రాకపోకలు ఆ ఊరివారికి దూరదేశపు విశేషాలు కావు. కొడుకునో, అల్లునో, ధనాన్నో సముద్రం మీదికి పంపి ఎదురుచూచే ఇళ్ళ వార్తలవి.

1810లో నెపోలియన్ ఆ దేశాన్ని ఫ్రాన్సులో కలిపివేసిన తరువాత డచ్చి పత్రికలు ఫ్రెంచి పాఠాన్ని కూడ పక్కనే అచ్చువేయవలసి వచ్చినది. 1813తో ఆ పాలన ముగిసినది. 1869లో పత్రికలపై ముద్రపన్ను రద్దు కావడంతో వెల తగ్గి, చిన్న ఊళ్ళలో సైతం పత్రికలు వర్ధిల్లినవి.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఫ్రీస్లాండు ప్రజల ఇంటిభాష ఫ్రీసియన్. వారి పత్రిక భాష ప్రధానంగా డచ్చి. ఆ లోటు ఎంత లోతైనదో 1951లో వెల్లడియైనది. ఫ్రీసియన్ మాటలను కోర్టులో వినడానికి నిరాకరించిన ఒక న్యాయమూర్తిని, “హేరెన్‌వేన్సె కూరీర్” అనే ప్రాంతీయ పత్రిక సంపాదకుడు, కవి ఫెడ్డె స్కూరర్ తీవ్రంగా విమర్శించినాడు. ఆయనపై అభియోగం మోపినారు. నవంబరు 16వ తేదీన విచారణ జరిగిన లేవార్డెన్‌లో గుమిగూడిన ప్రజలపై పోలీసులు లాఠీలు ప్రయోగించినారు. ఫ్రీసియన్లు ఆ దినాన్ని “లాఠీల శుక్రవారం” అని నేటికీ స్మరిస్తారు. 1956లో కోర్టులలో ఫ్రీసియన్ వాడుకకు చట్టం సమ్మతించినది.

పాలకుల అనుమతికి లోబడి ఊరి మాట ఎత్తడానికే జంకిన పత్రిక ఎక్కడ, ఊరి భాషకోసం బోను ఎక్కిన సంపాదకుడు ఎక్కడ! ఈ రెంటి నడుమ సుమారు రెండు వందల సంవత్సరాల దూరమున్నది. ఆ దూరాన్ని దాటించినది మహావాక్యాలు కావు. ఇంటి వేలం, ఓడ రాక, పొరుగువారి మరణం వంటి చిన్న సంగతులు. నేడు ఆ చిన్న ప్రకటనలు పెక్కు కాగితం విడిచి అంతర్జాలానికి తరలినవి. ధాన్యపు ధరలు, వాన కబురు చదివే మా రేడియోవారికి ఒకటి తెలుసును: శ్రోత చెవియొగ్గేది తన ఊరి పేరు వినిపించినప్పుడే. ఆ పేరు పలికేవారు కరవైతే, లోకవార్తలెన్ని తెలిసినా మనిషి తన ఇంట తానే పరాయివాడౌతాడు.